రాజమండ్రి ఇంటికి సొంత మానిటరింగ్: ఏ పార్టు నిలిచింది, ఏది తీసేయాల్సి వచ్చింది

రాజమండ్రిలో అమ్మానాన్న ఉండే ఇంటికి నేను చేస్తున్న మానిటరింగ్ సిస్టమ్ లెక్కలివి. నేనుండేది హైదరాబాద్‌లో. ఇల్లు ఒకే అంతస్తు డాబా. కింద సంపు, మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, ఒక హెచ్‌పీ మోటారు, సింగిల్ ఫేజ్ కనెక్షన్, లైట్లకూ ఫ్యాన్లకూ ఇన్వర్టర్ ఉన్నాయి. చూడాల్సినవి ట్యాంకులో నీళ్లు, కరెంటు, తలుపులు, గ్యాస్, గదిలో వేడి. కెమెరా లేదు. "ఇంట్లో మమ్మల్ని చూస్తూ కూర్చునే కెమెరా మాత్రం వద్దురా" అని అమ్మ ముందే చెప్పేసింది. ఆ మాట న్యాయమైనదే.

సాఫ్ట్‌వేర్ మధ్యలో హోమ్ అసిస్టెంట్ (సెన్సర్ల అంకెలన్నీ ఒకచోటికి తెచ్చి చూపించేది), సెన్సర్ బోర్డుల మీద ఈఎస్‌పీహోమ్ (సెన్సర్లను చదివి ఆ అంకెలు పంపేది). రెండూ ఉచితం. ఇంటర్నెట్ పోయినా ఇంటి వైఫై మీద నడుస్తాయి. ఇక రాసేదంతా హార్డ్‌వేర్ గురించే.

ప్రతి పార్టునూ నేను తూచింది ఒక్క ప్రశ్నతో: ఇది చచ్చిపోతే నాకు తెలుస్తుందా? పాడైన సెన్సర్ నోరు మూసుకుంటే ఇబ్బంది లేదు, వెళ్లినప్పుడు మారుస్తాను. పాడయ్యాక కూడా నిన్నటి అంకెనే చూపిస్తూ కూర్చుంటే అది లేకపోవడమే నయం. ట్యాంకు నిండుగా ఉందని ఫోన్లో చూసి నేను ఊరుకుంటే, అక్కడ సంపులోంచి బకెట్లతో తోడుకోవాల్సింది అమ్మ.

ధరలు నేను కొన్నప్పటివి. మీరు కొనేసరికి కొంత అటూ ఇటూ ఉంటాయి. పనికిరాక పక్కన పెట్టినవాటి లెక్క విడిగా రాశాను, ఎందుకంటే అది కూడా ఖర్చే.

దశ 1: మధ్యలో ఉండే కంప్యూటర్

రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు (ఇక్కడి నుంచి దీన్ని "పై" అంటాను), రెండు జీబీ మోడల్, 32 జీబీ మెమరీ కార్డుతో మొదలైంది. కరెంటు తరచుగా పోయే రోజుల్లో కార్డు దెబ్బతింది. దెబ్బతిన్న తీరు చూడండి. డాష్‌బోర్డు మామూలుగానే తెరుచుకునేది, అంకెలు కదిలేవి. రీబూట్ అయితే మాత్రం అంతా పాత తేదీకి వెళ్లిపోయేది. కార్డు చదవనిస్తోంది కానీ కొత్తగా ఏమీ రాయనివ్వడం లేదు. హోమ్ అసిస్టెంట్ ప్రతి మార్పునూ డేటాబేస్‌లో రాస్తూనే ఉంటుంది. మామూలు మెమరీ కార్డులు ఆ రాతకు ఎక్కువ కాలం ఆగవు.

పాత ల్యాప్‌టాప్ పెడదామనీ చూశాను. బ్యాటరీ దాంట్లోనే ఉంటుంది, అది లాభమే. కొలిస్తే 14 వాట్లు తీసుకుంటోంది, అంటే నెలకు 10 యూనిట్లు. పై అయితే 4 వాట్లు, నెలకు 3 యూనిట్ల లోపు. కరెంటు బిల్లు కంటే నన్ను ఆపింది ఆ బ్యాటరీయే. గాలి ఆడని అరలో, మే నెల వేడిలో, ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉండే పాత లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది. పెద్దవాళ్లు ఇద్దరే ఉండే ఇంట్లో ఆ టెన్షన్ వద్దనుకున్నాను.

మార్చినవి:

1. మెమరీ కార్డు తీసేసి 120 జీబీ ఎస్ఎస్‌డీని యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టాను.
2. ఫోన్ చార్జర్ తీసేశాను. దాని మీద 5 వోల్టులు, 3 ఆంపులు అని ఉంది. కానీ సన్న కేబుల్ చివర, రాస్‌బెర్రీ పై పిన్నుల దగ్గర మల్టీమీటర్ పెడితే లోడ్ మీద 4.58 వోల్టులే ఉన్నాయి. 4.63 కిందికి దిగితే, వోల్టేజీ తక్కువైందని పై హెచ్చరిస్తుంది. దాని సొంత 5.1 వోల్టుల అడాప్టర్ పెట్టాక హెచ్చరికలు ఆగాయి.
3. ఇన్వర్టర్ వెనక ఉన్న చిన్న స్విచ్చును ఎకో నుంచి యూపీఎస్‌కు మార్చాను. ఎకోలో ఉన్నప్పుడు కరెంటు పోయి బ్యాటరీకి మారే ఆ కాస్త సమయంలోనే పై రీబూట్ అయ్యేది. యూపీఎస్ మోడ్‌లో ఆ మార్పు త్వరగా జరుగుతుంది. కాకపోతే లైన్ వోల్టేజీ కాస్త తగ్గినా ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. అందుకని బ్యాటరీ నీళ్లు ఇదివరకటి కంటే తరచుగా చూసుకోమని నాన్నకు చెప్పాను.
4. పైని రూటర్‌కు లాన్ కేబుల్‌తో కలిపాను. రెండూ ఇన్వర్టర్ లైన్ మీదే.

ఖర్చు: పై 4,200, అడాప్టర్ 700, ఎస్ఎస్‌డీ 1,300, కేబుల్ 450, డబ్బా, హీట్‌సింక్ 500. మొత్తం రూ. 7,150.
పక్కన పెట్టినవి: మెమరీ కార్డు 450.

దశ 2: మేడ మీద ట్యాంకు

మిగతా అన్ని దశల కంటే ఎక్కువ కాలం తిన్నది ఇదే.

ట్యాంకు లోపలి వ్యాసం 108 సెం.మీ. అంటే ఒక సెంటీమీటరు ఎత్తుకు 9.16 లీటర్లు. ఈ అంకె గోడ మీద రాసి పెట్టుకోండి, ప్రతి లెక్కా దీని మీదే ఆధారపడుతుంది.

ముందు హెచ్‌సీ-ఎస్ఆర్04 పెట్టాను. రెండు కళ్లతో ఉండే చవక అల్ట్రాసోనిక్ సెన్సర్ అది, ధ్వని పంపి అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలుస్తుంది. బల్ల మీద చక్కగా కొలిచింది. ట్యాంకులో తేమకు లోహపు జాలీ తుప్పు పట్టి, రీడింగులు సున్నాకు పడిపోయాయి. ట్యాంకు లోపల ఇది పనికిరాదు.

దాని బదులు జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ. కారు వెనక బంపర్‌లో ఉండే రకం, ముఖం మూసి ఉంటుంది, తేమ లోపలికి పోదు. దీనితో వరసగా నాలుగు చిక్కులు వచ్చాయి.

మొదటిది, దగ్గరి దూరం. 25 సెం.మీ. కంటే దగ్గరున్నదాన్ని ఇది సరిగ్గా కొలవలేదు. నా ట్యాంకు నిండితే నీటికీ మూతకూ మధ్య 12 సెం.మీ. ఖాళీ మాత్రమే ఉంటుంది. అంటే చివరి 13 సెం.మీ., దాదాపు 120 లీటర్లు, దానికి కనిపించవు. అక్కడ అది ఊరుకోదు కూడా. 25 దగ్గర ఏదో అంకె చూపిస్తుంది, ఒక్కోసారి రెండింతలు చూపిస్తుంది. సెన్సర్‌ను ఎత్తులో పెట్టడానికి మూత మీద నాలుగంగుళాల పీవీసీ ముక్క నిలబెట్టాను. ధ్వని పైపు గోడలకే తగిలి తిరిగొచ్చి, నీళ్లు ఎంతున్నా ఒకటే కొలత వచ్చింది. పైపు తీసేసి నిండిన మట్టానికి ఒక ఫ్లోట్ స్విచ్ (నీళ్లు చేరితే తేలి మారే స్విచ్) పెట్టాను. ఇప్పుడు 25 సెం.మీ. దాకా జేఎస్ఎన్ చెబుతుంది, "నిండింది" అనే మాట ఫ్లోట్ చెబుతుంది. జేఎస్ఎన్ ట్యాంకు ఖాళీ అంటూ, ఫ్లోట్ నిండింది అంటే రెండింట్లో ఒకటి పోయినట్టు. అప్పుడు ఫోన్‌కు మెసేజ్ వస్తుంది.

రెండోది, వోల్టేజీ. మెట్ల గదిలో 5 వోల్టుల అడాప్టర్ పెట్టి, నెట్‌వర్క్ కేబుల్‌లో ఒక జతతో పది మీటర్లు లాగాను. ఆ తీగ మీటరుకు 0.084 ఓమ్‌లు. రానూ పోనూ 20 మీటర్లకు 1.68 ఓమ్‌లు. వైఫై పంపేటప్పుడు బోర్డూ సెన్సరూ కలిసి 400 మిల్లీఆంపులు లాగితే 0.67 వోల్టులు దారిలోనే పోతాయి. ట్యాంకు దగ్గర 4.3 వోల్టులే మిగిలాయి, రీడింగులు గెంతులు వేశాయి. 12 వోల్టులు పైకి పంపి, ట్యాంకు దగ్గర చిన్న బక్ కన్వర్టర్‌తో 5కు దించాను. గెంతులు ఆగాయి.

మూడోది, వైఫై. మామూలు ఈఎస్‌పీ8266 (వైఫై ఉన్న చిన్న సెన్సర్ బోర్డు) పెడితే స్లాబు మీద సిగ్నల్ మైనస్ 84 డీబీఎం (ఈ అంకె సున్నాకు దగ్గరైన కొద్దీ సిగ్నల్ బలం), మాటిమాటికీ తెగిపోయేది. అదే జాతి బోర్డు ఈఎస్‌పీ32లో 32యూ అనే రకం ఉంది, దానికి బయటి యాంటెనా తగిలించుకోవచ్చు. యాంటెనాను మెట్ల గది వైపు తిప్పి పెట్టాక మైనస్ 69. ఆ తర్వాత తెగలేదు.

నాలుగోది నాకు బాగా నచ్చిన సమస్య. మోటారు వేయకుండానే మధ్యాహ్నం ట్యాంకులో నీళ్లు పెరుగుతున్నట్టు గ్రాఫు చూపించింది. రాత్రికి మళ్లీ తగ్గాయి. కారణం ధ్వని వేగం. గాలి వేడెక్కితే ధ్వని వేగంగా వెళుతుంది: 28 డిగ్రీల దగ్గర సెకనుకు 348 మీటర్లు, 46 డిగ్రీల దగ్గర 359 మీటర్లు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఎప్పుడూ 343 అనుకునే లెక్క కడుతుంది. నిజంగా ఒక మీటరు దూరం ఉంటే రాత్రి 98.5 సెం.మీ. అనీ, ఎండలో 95.5 అనీ చెబుతుంది. తేడా 3 సెం.మీ., అంటే 27 లీటర్ల దొంగ నీళ్లు. మూత లోపలి వైపు డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ వేలాడదీసి, 331.3కు డిగ్రీకి 0.606 చొప్పున కలిపి వేగం లెక్క కట్టించాను. ఇప్పుడు పగలూ రాత్రీ తేడా ఒక సెంటీమీటరు లోపే.

ఈ డీఎస్18బీ20కి ఒక గుణం ఉంది. పవర్ తెగి మళ్లీ వచ్చినప్పుడు, కొలత పూర్తి కాకముందే అడిగితే 85.0 అంటుంది. అది ఉష్ణోగ్రత కాదు, దాని పుట్టుక విలువ. ఆ 85ను లెక్కలోకి రానిస్తే ట్యాంకు కొలత కూడా చెడిపోతుంది. కచ్చితంగా 85.0 వస్తే పారేయమని ఫిల్టర్ రాశాను.

అమర్చే క్రమం:

1. జేఎస్ఎన్ కొలత పంపే పిన్ను (ఎకో) 5 వోల్టులిస్తుంది, ఈఎస్‌పీ32 తట్టుకునేది 3.3. మధ్యలో 1కే, 2కే (కే అంటే కిలో ఓమ్) రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించే డివైడర్.
2. డీఎస్18బీ20 డేటా తీగకూ 3.3 వోల్టులకూ మధ్య 4.7కే రెసిస్టర్.
3. డబ్బా ట్యాంకుకు ఉత్తరం వైపు, నీడలో. కేబుల్ బయటికొచ్చే గ్లాండులు కిందికి ఉండాలి, వాన నీరు తీగ వెంట లోపలికి జారకుండా.
4. ఏడు కొలతలు తీసుకుని నడిమిది వాడడం. సగటు వాడితే ఒక్క తప్పు కొలత మొత్తాన్ని లాగేస్తుంది.

ఖర్చు: ఈఎస్‌పీ32 520; యాంటెనా 130; జేఎస్ఎన్ 420; డీఎస్18బీ20 110; ఫ్లోట్ 180; డబ్బా, గ్లాండులు 240; అడాప్టర్ 200; బక్ కన్వర్టర్ 80; చిల్లర 50. దశకు రూ. 1,930. ఇప్పటికి మొత్తం రూ. 9,080.
పక్కన పెట్టినవి: హెచ్‌సీ-ఎస్ఆర్04 90. ఇప్పటికి 540.

దశ 3: పడకగదిలో వేడి, తేమ

డీహెచ్‌టీ11 అనే సెన్సర్ కొనకండి. రెండు డిగ్రీల దాకా తేడా చూపించవచ్చని తయారీ కాగితంలోనే ఉంటుంది. బీఎంఈ280 మంచిది, కానీ నాకు మొదట వచ్చింది అది కాదు. ఉష్ణోగ్రత, గాలి ఒత్తిడి వచ్చాయి, తేమ రాలేదు. చిప్ ఏ రకమో చెప్పే ఐడీ అంకె చదివిస్తే హెక్సాలో (కంప్యూటర్ అంకెల పద్ధతిలో) 58 వచ్చింది. అది తేమ కొలవలేని బీఎంపీ280. అసలు బీఎంఈ అయితే 60 రావాలి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, కొన్న రోజే ఐడీ చదవండి, వాపసు గడువు దాటకముందే.

సరైనది వచ్చాక దాన్ని బోర్డు పక్కనే డబ్బాలో పెడితే 34.1 చూపించింది, గోడ థర్మామీటరు 31.5 దగ్గర ఉంది. బోర్డు వేడి దానికి తగులుతోంది. ఒక అడుగు తీగతో బయటికి వేలాడదీశాక రెండూ కలిశాయి.

ఖర్చు: ఈఎస్‌పీ8266 260, బీఎంఈ280 380. దశకు రూ. 640. ఇప్పటికి రూ. 9,720.
పక్కన పెట్టినవి: డీహెచ్‌టీ11 100, బీఎంపీ280 180. ఇప్పటికి 820.

దశ 4: కరెంటు

పీజెమ్-004టీ అనే కరెంటు కొలిచే బోర్డు, మూడో వెర్షన్, తీగ చుట్టూ వేసే 100 ఆంపుల రింగుతో. వోల్టేజీ, ఆంపులు, వాట్లు, యూనిట్లు అన్నీ ఇదొక్కటే చెబుతుంది. దీని ఒక వైపు నేరుగా 230 వోల్టులు ఉంటాయి. మీటర్ బోర్డు దగ్గర పని మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చేయించాను, మెయిన్ ఆపి. మీకు బల్బు మార్చడం వచ్చినంత మాత్రాన ఈ పని చేతిలోకి తీసుకోకండి. రింగులోంచి ఫేజ్ తీగ ఒక్కటే పోవాలి. ఫేజూ న్యూట్రలూ కలిసి పోతే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా వస్తుంది.

పీజెమ్‌ను ఇన్వర్టర్‌కు ముందు లైన్ మీద, దాన్ని చదివే ఈఎస్‌పీ బోర్డును ఇన్వర్టర్ లైన్ మీద పెట్టాను, కరెంటు పోయినప్పుడు బోర్డు బతికి ఉండి ఆ సంగతి చెప్పాలని. చెప్పలేదు! ఇల్లంతా ఇన్వర్టర్ మీద నడుస్తుంటే గ్రాఫులో 231 వోల్టులు గీత గీసినట్టు నిలబడి ఉన్నాయి. పీజెమ్ కొలిచే భాగం లైన్ కరెంటుతోనే బతుకుతుంది. కరెంటు పోగానే అది జవాబివ్వడం మానేస్తుంది. జవాబు రాకపోతే ఈఎస్‌పీహోమ్ కొత్త విలువ పంపదు, పాతదే తెర మీద మిగిలిపోతుంది. టైమౌట్ ఫిల్టర్ పెట్టి, 30 సెకన్లు జవాబు లేకపోతే విలువ ఖాళీ కావాలని రాశాను. వోల్టేజీ ఖాళీ అయి, బోర్డు బతికి ఉంటే కరెంటు పోయినట్టు లెక్క.

ఈ దశలో దొరికిన కొలతలు: పగటికీ అర్ధరాత్రికీ మధ్య వోల్టేజీ 187 నుంచి 252 దాకా తిరుగుతోంది. మోటారు నీళ్లు తోడుతుంటే 1,040 వాట్లు, సంపు ఖాళీ అయి గాలి లాగుతుంటే 620. కాబట్టి మోటారు ఎండుగా తిరగడం పట్టుకోవడానికి వేరే సెన్సర్ కొనలేదు. మోటారు ఆన్ అయిన 20 సెకన్ల తర్వాత కూడా 750 దాటకపోతే నాన్న ఫోన్ మోగుతుంది. దాన్ని ఆపే రిలే (బోర్డు నడిపే స్విచ్) మాత్రం పెట్టలేదు. మోటారు స్విచ్ నాన్న చేతిలోనే ఉండాలి.

ఖర్చు: పీజెమ్ 950, ఈఎస్‌పీ8266 260, డబ్బా, ఎంసీబీ 350, ఎలక్ట్రీషియన్‌కు 400. దశకు రూ. 1,960. ఇప్పటికి రూ. 11,680.

దశ 5: తలుపులు

అయస్కాంతపు రీడ్ స్విచ్చులు మూడు: వీధి తలుపు, పెరటి తలుపు, మేడ తలుపు. తలుపు మూసి ఉన్నప్పుడు సర్క్యూట్ కలిసి ఉండే రకం తీసుకోండి. అప్పుడు తీగ తెగినా, ఎలుక కొరికినా "తలుపు తెరిచి ఉంది" అని వస్తుంది. కంగారు పెట్టే తప్పు, కానీ కనిపించే తప్పు.

ఒకసారి బోర్డు రీస్టార్ట్ అయ్యాక మళ్లీ లేవలేదు. వీధి తలుపు తెరిచి రీస్టార్ట్ చేస్తే లేచింది, మూస్తే లేవలేదు. ఆ స్విచ్ డీ3 పిన్నుకు కలిపి ఉంది. పవర్ వచ్చే క్షణంలో ఆ పిన్ను గ్రౌండుకు తగిలి ఉంటే ఈఎస్‌పీ8266 ప్రోగ్రామ్ ఎక్కించుకునే మోడ్‌లోకి వెళ్లిపోతుంది. డీ4, డీ8 కూడా లేచేటప్పుడు పట్టింపు ఉన్న పిన్నులే. స్విచ్చులకు డీ1, డీ2, డీ5, డీ6, డీ7 వాడండి.

మోటారు ఆన్ చేసిన ప్రతిసారీ పెరటి తలుపు తెరుచుకున్నట్టు రావడం ఇంకో గొడవ. దాని పొడవాటి తీగ మోటారు తీగ పక్కనే పోతోంది. బోర్డు లోపలి పుల్-అప్ (స్విచ్ విడిపోయి ఉన్నప్పుడు పిన్ను వోల్టేజీని పట్టి ఉంచే రెసిస్టర్) బలహీనం. బయట 4.7కే రెసిస్టర్, 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టి, 200 మిల్లీసెకన్లు నిలిస్తేనే నమ్మమని చెప్పాక పోయింది.

ఖర్చు: స్విచ్చులు 210, ఈఎస్‌పీ8266 260, తీగ 300, చిల్లర 40. దశకు రూ. 810. ఇప్పటికి రూ. 12,490.

దశ 6: గ్యాస్

ఎంక్యూ-2 అనే గ్యాస్ సెన్సర్ పెడితే పోపు వేసిన ప్రతిసారీ మోగింది, అది పొగకూ స్పందిస్తుంది. ఎంక్యూ-6 ఎల్‌పీజీకి తగినది, దాంతో దొంగ మోతలు బాగా తగ్గాయి. అయినా దాన్ని కూడా తీసేశాను. దాని హీటర్ పోతే వచ్చే అంకె "గ్యాస్ లేదు" అన్నట్టే ఉంటుంది. ట్యాంకు విషయంలో ఇలాంటి అనుమానం ఉన్నా సర్దుకోవచ్చు, వంటింట్లో సర్దుకోకూడదు.

రెడీమేడ్ గ్యాస్ లీక్ డిటెక్టర్ కొన్నాను, 12 వోల్టులది, సొంత సైరన్, రిలే ఉన్నది. వైఫై ఉన్నా లేకపోయినా అది ఇంట్లో అరుస్తుంది. నా సిస్టమ్ దాని అరుపును నా ఫోన్‌కు మోసుకొస్తుంది, అంతే.

1. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. డిటెక్టర్ నేల నుంచి ఒక అడుగు ఎత్తు లోపు, సిలిండర్‌కు దగ్గరలో పెట్టాలి.
2. రిలేలో మామూలుగా కలిసి ఉండే కాంటాక్టును తలుపుల బోర్డు డీ6కు కలిపాను. తీగ తెగినా అలారమే.
3. డిటెక్టర్‌కు వెళ్లే 12 వోల్టులను 10కే, 3.3కే డివైడర్‌తో 3 వోల్టులకు దించి డీ7కు ఇచ్చాను. ఎవరైనా ప్లగ్గు పీకితే తెలుస్తుంది.
4. అలారం వస్తే ఎగ్జాస్ట్ ఫ్యాన్ దానంతటదే తిరిగేలా ఎవరూ పెట్టకండి. స్విచ్చులో వచ్చే నిప్పురవ్వ చాలు. రెగ్యులేటర్ కట్టేయడం, తలుపులు కిటికీలు తెరవడం, ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయడం. ఈ వరస పెద్ద అక్షరాలతో రాసి వంటింటి తలుపుకు అంటించాను.

ఖర్చు: రూ. 2,100. ఇప్పటికి రూ. 14,590.
పక్కన పెట్టినవి: ఎంక్యూ-2 140, ఎంక్యూ-6 150. ఇప్పటికి 1,110. అన్నీ కలిపి రూ. 15,700.

దశ 7: ఒక్కొక్క తీగా పీకి చూడడం

నాన్న కింద ఫోన్ పట్టుకుని కూర్చున్నారు, నేను ఒక్కొక్కటీ పీకుతూ పోయాను. జేఎస్ఎన్ తీగ పీకితే కొలత ఖాళీ, సరైనదే. డీఎస్18బీ20 పీకితే ఉష్ణోగ్రత ఖాళీ అయింది కానీ దానితోపాటు నీటి కొలత కూడా మాయమైంది, వేగం లెక్క ఆగిపోయింది కాబట్టి. ఉష్ణోగ్రత రాకపోతే 350 మీటర్ల వేగం వాడి, పక్కన "ఉజ్జాయింపు" అని చూపించేలా మార్చాను. ఫ్లోట్ తీగ పీకితే ఏమీ జరగలేదు. అది నిండినప్పుడు కలిసే రకం, తెగినా "నిండలేదు" అనే చెబుతుంది. ఫ్లోట్ బిళ్లను తిరగేసి, నిండినప్పుడు విడిపోయేలా పెట్టాను. ఇప్పుడు తెగితే "నిండింది" అంటుంది, జేఎస్ఎన్‌తో పొసగక మెసేజ్ వస్తుంది.

రూటర్ పీకితే నాకు ఏ కబురూ లేదు, వచ్చే దారే లేదు మరి. దీనికి ఇంట్లో ఏ పార్టు కొన్నా లాభం లేదు. పై ప్రతి ఐదు నిమిషాలకు బయటి సర్వర్‌కు "ఉన్నాను" అని పంపుతుంది. పదిహేను నిమిషాలు ఆ మాట రాకపోతే ఆ సర్వరే నాకు మెసేజ్ చేస్తుంది.

నాన్న చెప్పింది కూడా చేశాను. ప్రతి డబ్బా మీద తెలుగులో పేరు, అది ఏ గదిదో, పీకితే ఏమి ఆగుతుందో రాసి అంటించాను. సోల్డర్ చేసిన తీగలు తీసి ప్లగ్గు కనెక్టర్లు పెట్టాను. ప్రోగ్రామ్ ఎక్కించిన ఈఎస్‌పీ8266 ఒకటి, జేఎస్ఎన్ ఒకటి ఇంకా కొనాలి, బీరువాలో ఉంచడానికి. చెడితే ఫోన్లో నేను చెబుతుంటే నాన్నే మార్చగలరు.

మిగిలిన పనులు:

1. సంపుకు రెండో జేఎస్ఎన్. సంపు గోడ దగ్గరగా ఉంది, ధ్వని గోడకు తగలకుండా నడిమికి జరపాలి.
2. మేడ మీది 12 వోల్టుల తీగకు, వానాకాలం పిడుగుల లోపు, సర్జ్ రక్షణ.
3. ఇన్వర్టర్ బ్యాటరీ వోల్టేజీ కొలవడం. ఈఎస్‌పీ8266లో అనలాగ్ పిన్ను ఒక్కటే. ఈఎస్‌పీ32లో ఏడీసీలు (వోల్టేజీని అంకెగా మార్చేవి) రెండున్నాయి, వైఫై నడుస్తుంటే రెండో దాని పిన్నులు పనిచేయవు. అందుకని 32 నుంచి 39 మధ్య ఉన్న పిన్నుల్లో ఒకటి వాడాలి.